ఆరు వారాల క్యాంపు సరే, ఏడో వారం సంగతేంటి?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా పాపకి 13 ఏళ్ళు, ఎత్తు 5 అడుగులు, బరువు 150 పౌండ్లు. రెండేళ్ళుగా బాగా ఒళ్ళు చేసింది. మెడ వెనక నల్లగా అయిపోతోంది, శనగపిండి, నిమ్మచెక్క పెట్టి ఎంత రుద్దినా పోవడం లేదు. పిల్లలకి బరువు తగ్గించే సమ్మర్ క్యాంపు ఒకటి మా వారు ఈస్ట్ కోస్ట్‌లో చూశారు, ఆరు వారాలు అక్కడే ఉండాలి. డిపాజిట్ కూడా కట్టేశారు. డిసెంబర్‌లో రాజమండ్రిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఉంది, ఆలోపు తగ్గితే బాగుంటుందని ఆయన ఆలోచన. మా అత్తగారేమో అంత డబ్బు ఎందుకు తగలేయడం, ఇక్కడికి పంపండి, ప్రకృతి ఆశ్రమంలో నెల రోజులు పెడదాం అంటున్నారు. పాపకి మేం ఇంకా చెప్పలేదు కానీ ఆయన ల్యాప్‌టాప్‌లో ఆ వెబ్‌సైట్ చూసినట్టుంది. అప్పట్నించి మాతో కలిసి తినడం మానేసింది. మొన్న గది సర్దుతుంటే మంచం కింద చిప్స్ కవర్లు, ఖాళీ కుకీల డబ్బా దొరికాయి. పైగా ఇక్కడే ఎంఎస్ చేస్తున్న మా తమ్ముడు, 23 ఏళ్ళవాడు, తను కూడా ఏదో బూట్‌క్యాంపులో చేరి నెలలో 15 కిలోలు తగ్గుతానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, టెక్సస్

జవాబు: అమ్మా, ఈ వేసవికి మాత్రం పాపను పంపకండి. డిపాజిట్ పోతే పోయింది. ఈ క్యాంపులన్నీ మోసమనో, అక్కడ పిల్లల్ని ఏడిపిస్తారనో నేను అనడం లేదు, కొన్ని బాగానే నడుస్తాయి, వాటి గురించి కింద చెబుతాను. కానీ పెళ్ళి గురించీ డబ్బు గురించీ రాసిన వరసలోనే మీరు మంచం కింద కవర్ల సంగతి కూడా మామూలుగా రాసేసి ముందుకెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

మీ ముందు తినడం మానేసిన పిల్ల చాటుగా తింటోంది. ఆకలి ఎక్కడికీ పోలేదు, మీ కళ్ళ ముందు తినే ధైర్యం పోయింది. తన ఒంటి గురించి తనకి చెప్పకుండానే ఇంట్లో ఏదో నిర్ణయమైపోయిందని 13 ఏళ్ళ పిల్లకి తెలిస్తే, అదీ క్యాంపుకి ముందు ఫొటో, క్యాంపు తర్వాత ఫొటో పక్కపక్కన పెట్టిన వెబ్‌సైట్ చూసి తెలిస్తే, ఏమనుకుంటుంది చెప్పండి. నన్ను చూస్తే అమ్మానాన్నలకి సిగ్గుగా ఉంది అనుకుంటుంది. నా ఆరోగ్యం కోసం ఆలోచిస్తున్నారు అని ఆ వయసులో ఎవరూ అనుకోరు.

పగలంతా కడుపు మాడ్చుకోవడం, రాత్రి తలుపేసుకుని ప్యాకెట్ మొత్తం ఖాళీ చేయడం, మధ్యలో ఆపుదామన్నా ఆపలేకపోవడం, తర్వాత తన మీద తనకే అసహ్యం వేయడం, ఇదంతా వారం వారం జరుగుతుంటే డాక్టర్లు దాన్ని బింజ్ ఈటింగ్ అంటారు. అది జబ్బే, తిండిపోతుతనం కాదు, దానికి వైద్యం ఉంది. మీ పాపకి అదే ఉందని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. అలాంటిది ఉందో లేదో చూపించుకోకుండా తిండి కొలిచి పెట్టే చోటికి, ఇంటికి దూరంగా ఆరు వారాలు పంపడం మాత్రం ప్రమాదం. కొలిచి పెట్టే తిండి ఇలాంటి పిల్లల్లో దాచుకుని తినే అలవాటును ఇంకా ముదరబెట్టొచ్చు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అంటే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2016లో ఇచ్చిన సూచనల్లో ఇదే చెప్పింది: డైటింగ్, ఇంట్లో బరువు గురించిన మాటలు, ఎగతాళి, ఇవి పిల్లల్ని ఊబకాయం వైపూ నెడతాయి, తిండి సంబంధమైన జబ్బుల వైపూ నెడతాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని కలిసి తినడం రెండింటికీ అడ్డుపడుతుంది. మీ ఇంట్లో ఇప్పుడు ఆ కలిసి తినడమే ఆగిపోయింది.

ఆ కవర్లు బల్ల మీద పెట్టి ఏంటివి అని విచారణ మొదలుపెట్టకండి. పారేసి ఊరుకోండి. దానికి బదులు స్కూలు రోజుల్లో పాప దినచర్య ఒకసారి గడియారం పెట్టుకుని చూడండి. అక్కడ చాలా మిడిల్ స్కూళ్ళలో లంచ్ పదిన్నరకో పదకొండుకో అయిపోతుంది. మన డబ్బా తెరిస్తే వాసనని పక్కవాళ్ళు మొహం చిట్లిస్తారని సగం మంది మన పిల్లలు అది కూడా సరిగా తినరు. ఇంటికొచ్చేసరికి నాలుగు. మీరిద్దరూ కాల్స్‌లో ఉంటారు. ప్యాంట్రీ తలుపు తీస్తే చేతికందేవి కాస్ట్‌కో సైజు చిప్స్, మఫిన్లు. ఐదారు గంటలు ఖాళీ కడుపుతో ఉన్న పెరిగే పిల్ల వాటిని వదిలి క్యారెట్ ముక్క వెతుక్కోవాలంటే అది ఋషులకే సాధ్యం. నాలుగింటికల్లా బల్ల మీద తిండి పెట్టి ఉంచండి. పెసరట్టో, పోపు పెట్టిన శనగ గుగ్గిళ్ళో, రెండు గుడ్ల ఆమ్లెట్టో, పెరుగూ పండూనో, ఏదైనా సరే, కడుపు నిండేది. తినమని వెంటపడకండి, ఎంత తిన్నావని లెక్కపెట్టకండి. దాచుకోవాల్సిన అవసరం పోతే దాచుకోవడం కూడా నెమ్మదిగా తగ్గుతుంది.

ఇక క్యాంపుల సంగతి. అమెరికాలో వీటికి పెద్ద చరిత్రే ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్ కొండల్లో క్యాంప్ షేన్ అనేది 1968లోనే మొదలైంది, తర్వాత ఇంకా చాలా వచ్చాయి. అక్కడికెళ్ళిన పిల్లలు బరువు తగ్గుతారా అంటే, తగ్గుతారు. ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరంలో ఇలాంటి క్యాంపు మీద చేసిన పరిశోధన 2005లో వచ్చింది, సుమారు నెల రోజులున్న పిల్లలు సగటున 6 కిలోలు తగ్గారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈత, ఆటలు, నడక, ఫోన్ చేతిలో ఉండదు, ఫ్రిజ్ కనపడదు, వండేదీ వడ్డించేదీ వేరేవాళ్ళు. తగ్గకపోతే ఆశ్చర్యపోవాలి. పైగా మొదటి వారం పోయేదాంట్లో చాలావరకు నీళ్ళే, ఆ అంకె చూసి తల్లిదండ్రులు తెగ మురిసిపోతారు.

ఇంకో మంచి కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఆ పిల్లలకి జీవితంలో మొదటిసారి గుంపులో లావుపాటి పిల్ల అనే పేరు ఉండదు. ఈత కొలనులోకి టీషర్టు వేసుకోకుండా దిగుతారు. పరిగెత్తితే వెనకనుంచి ఎవరూ నవ్వరు. పెద్దయ్యాక కూడా ఆ వేసవిని ఇష్టంగా తలుచుకునేవాళ్ళు ఉన్నారు. అదే క్యాంపులో వారం వారం అందరి ముందూ కాటా ఎక్కించారని ఇప్పటికీ బాధపడేవాళ్ళూ ఉన్నారు. ఎవరికి ఏది మిగులుతుందనేది చాలావరకు పిల్ల ఇష్టపడి వెళ్ళిందా, తోసి పంపారా అన్నదాని మీద ఉంటుంది.

ఏడో వారంలో ఏమవుతుందో చూడండి. పాప ఇంటికొస్తుంది. అదే ప్యాంట్రీ, అదే నాలుగు గంటల ఆకలి, శనివారం ఒకరింట్లో బర్త్‌డే, ఆదివారం ఇంకొకరి గృహప్రవేశం. బరువు తగ్గిన ఒంటికి ఆకలి మునుపటికంటే ఎక్కువ వేస్తుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, ఇది శరీరధర్మం, పిల్ల మొండితనం కాదు. సామాన్లు కొనేది పాప కాదు, వండేది పాప కాదు. క్యాంపు నేర్పిన నాలుగు మంచి విషయాలు తెలిసింది పాప ఒక్కదానికే, వంటింట్లో ఉండేది మీరు. రెండు మూడు నెలల్లో బరువు తిరిగొస్తే, అంత డబ్బు పోసి పంపినా దీనికి బుద్ధి రాలేదు అనే మాట మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అప్పుడా పిల్ల పరిస్థితి ఇప్పటికంటే అధ్వాన్నం.

అందుకే అదే పిల్లల డాక్టర్ల సంఘం 2023 జనవరిలో ఊబకాయం వైద్యం మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంటిని కూడా కలిపి చూడమంటుంది. కనీసం 26 గంటల పాటు నిపుణులతో ముఖాముఖి, అది కూడా 3 నుంచి 12 నెలల మీద పరిచి, కుటుంబంతో కలిపి. వారానికో రెండు వారాలకో ఒక గంట, తిండి గురించీ ఆటల గురించీ నిద్ర గురించీ, మీరూ మీ వారూ పాపా కలిసి కూర్చుని. పెద్ద పిల్లల ఆసుపత్రుల్లో చాలావాటికి ఇలాంటి క్లినిక్‌లు ఉంటాయి. అపాయింట్‌మెంట్ దొరకడం ఆలస్యం కావచ్చు, ఇన్సూరెన్స్ ఎంతవరకు ఇస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. క్యాంపుకైతే వారానికి వెయ్యి డాలర్లకు పైమాటే, దానికి ఇన్సూరెన్స్ సాధారణంగా పైసా ఇవ్వదు. మీ వారు లెక్కల మనిషైతే ఈ లెక్క ఆయన ముందు పెట్టండి.

వచ్చే ఏడాది పాపే నేను వెళ్తాను అంటే? అప్పుడు ఆలోచించొచ్చు, కానీ వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసి డబ్బు కట్టకండి. చెప్పానే, 1968 నాటి ఆ క్యాంప్ షేన్, 2021 వేసవిలో సీజన్ మధ్యలోనే హఠాత్తుగా మూతపడింది, తల్లిదండ్రులు పిల్లల్ని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. పాత పేరు ఉన్నంత మాత్రాన భరోసా లేదు. లైసెన్సు నియమాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ గుర్తింపు ఉందా అని అడగండి, అది తప్పనిసరి కాదు, క్యాంపులు తమంతట తాము తీసుకునేది, కాబట్టి తీసుకున్నవాళ్ళకి ఒక మార్కు వేయొచ్చు. రాత్రిళ్ళు అక్కడే ఉండే క్యాంపుల్లో మీ పాప వయసు పిల్లలు ఎనిమిది మందికి ఒక స్టాఫ్ ఉండాలని వాళ్ళ ప్రమాణం. డాక్టరు వారానికి ఎన్నిసార్లొస్తారు, రాత్రి నర్సు ఉంటుందా, రోజుకి ఎన్ని క్యాలరీలు పెడతారు, మన పిల్ల గుడ్డు తప్ప మాంసం ముట్టదంటే ఏం పెడతారు, కాటా మీద ఎక్కించేది ఒంటరిగానా అందరి ముందా, పిల్ల ఏడ్చి ఫోన్ చేయాలంటే చేయనిస్తారా, క్యాంపు మధ్యలో మూసేస్తే డబ్బేంటి, ఇవన్నీ నిర్మొహమాటంగా అడగండి. ఇంటికొచ్చాక ఏడాది పాటు వాళ్ళు ఏం చేస్తారో కూడా అడగండి. సరైన జవాబు లేకుండా ఈమెయిల్ పంపిస్తాం, యాప్ ఇస్తాం అని నసిగితే ఫోన్ పెట్టేయండి. వారంలో ఇన్ని పౌండ్లు గ్యారంటీ అని ఎవరన్నా సరే, అటు వెళ్ళొద్దు.

మీ అత్తగారి ఆశ్రమం సలహా ప్రేమతో అన్నదే, కానీ 13 ఏళ్ళ పిల్లని తేనె, నిమ్మరసం నీళ్ళ మీద ఉపవాసాలు ఉంచడానికి నేను ఒప్పుకోను. ఎముకలు గట్టిపడే వయసు, నెలసరి కుదురుకునే వయసు. పెద్దవాళ్ళు వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ ఇష్టం. ఆ మధ్య మన రెండు రాష్ట్రాల్లో బరువు తగ్గాలని ఇంటింటా కొబ్బరినూనె తాగారు, ఏ ఇంట్లోనైనా ఆ డబ్బా ఇంకా ఏ మూలనో ఉండే ఉంటుంది. పిల్లల మీద ఆ ప్రయోగాలు వద్దు. అత్తగారికి మీరే ఫోన్ చేసి, సెలవులకి తీసుకొస్తాం, మీ దగ్గర ఉంటుంది, మీ చేతి గోంగూర పప్పు తింటుంది, ఉపవాసాలు మాత్రం లేవు అని మర్యాదగానే గట్టిగా చెప్పండి.

ఇప్పుడు ఆ మెడ. దయచేసి రుద్దడం ఆపండి. అది మురికి కాదు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, కాస్త మందంగా, ముట్టుకుంటే మెత్తటి బట్టలా అయితే దాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక, దాని మోతాదు పెరిగిపోతోందని చెప్పే గుర్తు చాలాసార్లు అదే. మన దక్షిణాసియా వాళ్ళకి తక్కువ బరువులోనే షుగర్ వచ్చే ముప్పు ఉంది కాబట్టి దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకూడదు. ఎన్ని ఇళ్ళలో తల్లులు వారం వారం తలంటుపోసే రోజు శనగపిండితో పిల్ల మెడ ఎర్రగా కందిపోయేలా రుద్దుతూ, సరిగా స్నానం చేయవా అని తిడుతుంటారో. పాపం, ఆ పిల్ల తప్పేముంది అందులో?

పదేళ్ళు దాటి ఊబకాయం ఉన్న పిల్లలకి షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయాలని ఆ 2023 మార్గదర్శకాలే చెబుతున్నాయి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అడగండి, 5.7 నుంచి 6.4 మధ్య వస్తే షుగర్‌కి ముందు దశ అన్నమాట. లివర్‌కి ఏఎల్‌టీ అనే రక్తపరీక్ష చేస్తారు, మన పిల్లల్లో కొవ్వు పట్టిన లివర్ అరుదేమీ కాదు. బీపీ చూపించండి. నెలసరి మొదలైతే అది క్రమంగా వస్తోందా, మొహం మీద రోమాలు, మొటిమలు బాగా ఉన్నాయా, రాత్రి గురక పెడుతుందా, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడుతుందా, ఇవన్నీ చెప్పండి. ఇందులో ఏది తేలినా, క్యాంపులో తగ్గే పది పదిహేను పౌండ్లకంటే ముఖ్యమైన సంగతి అదే.

బరువు లెక్క కూడా కాస్త చూద్దాం. 5 అడుగులకి 150 పౌండ్లంటే బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువు చెప్పే అంకె, 29.3. పిల్లలకి పెద్దవాళ్ళ గీతలు పనికిరావు, వయసునూ ఆడా మగానూ బట్టి చార్టులో 95వ పర్సెంటైల్, అంటే నూటికి 95 మంది పిల్లలు దాని కిందే ఉండే గీత, దాటిందా అని చూస్తారు. 13 ఏళ్ళ అమ్మాయికి ఆ గీత 26, 27 ప్రాంతంలో ఉంటుంది, కాబట్టి పాప దాటింది, అందులో సందేహం లేదు. కానీ పాప ఇంకా ఎత్తు పెరుగుతోందనుకోండి. ఇదే 150 పౌండ్ల దగ్గర ఆగిపోయి ఎత్తు రెండంగుళాలు పెరిగితే బీఎంఐ 27.4కి వచ్చేస్తుంది, ఒక్క పౌండు తగ్గకుండానే. పాపకి బరువు తగ్గడం అవసరమా, పెరగకుండా నిలబెడితే చాలా అన్నది డాక్టరు పాత చార్టులు చూసి చెబుతారు. డిసెంబర్ పెళ్ళి చెప్పదు.

వంటింటి గురించి నాలుగు మాటలు, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది అదే. పాపకి వేరే వంట చేయకండి. పాపకి రెండు పుల్కాలు, పక్కన కూర్చున్న మిగతావాళ్ళకి నెయ్యి ఓడుతున్న పులిహోర, ఈ పని చేస్తే మంచం కింద ఇంకో రెండు డబ్బాలు చేరతాయి. మారితే ఇల్లంతా మారాలి, మీ వారి పొట్టతో సహా. ముందు తాగేవాటితో మొదలుపెట్టండి, అన్నిటికంటే సులువు అదే. 12 ఔన్సుల కోక్ డబ్బాలో 39 గ్రాముల చక్కెర, అంటే తొమ్మిది చెంచాలకు పైనే. మన ఇళ్ళలో కోక్ లేకపోయినా ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చే 850 గ్రాముల మామిడి గుజ్జు డబ్బాలు ఉంటాయి, తీపి కలిపినవి, వాటితో మిల్క్‌షేకులు, లస్సీలు. అసలు పండ్ల రసమే అయినా ఈ వయసు పిల్లలకి రోజుకి 8 ఔన్సులు దాటొద్దంటారు. పాలల్లో బూస్ట్ మూడు చెంచాలు కలిపే అలవాటుంటే అదీ చూసుకోండి. ఇంట్లోకి కొనడం మానేయండి, కొని దాచి తాళం వేయడం వద్దు. పండగకో పార్టీలోనో తాగితే తాగనివ్వండి, వెళ్ళి చేతిలోంచి లాక్కోకండి.

అన్నం మానిపించాల్సిన పనిలేదు. వండిన తెల్లన్నం ఒక కప్పు దాదాపు 200 క్యాలరీలు. మనం హస్తంతో రెండుసార్లు వేసి, పప్పన్నం అయ్యాక చారుకి ఇంకోసారి, పెరుగుకి మరోసారి వేసేసరికి మూడు కప్పులు ఎప్పుడయ్యాయో ఎవరికీ తెలియదు, అదీ ఫోన్‌లోనో ఐప్యాడ్‌లోనో ఏదో చూస్తూ. కంచంలో ముందు కూర, పప్పు, ఒక గుడ్డు, కీరా ముక్కలు వేసి, తర్వాత అన్నం పెట్టి చూడండి. కూర అంటే అన్నంలో కలుపుకోవడానికి చెంచాడు కాదు, దొండకాయో బీరకాయో సగం కంచం. ఆవకాయ అన్నం ఆదివారం తినండి, హాయిగా, నెయ్యి వేసుకుని, లెక్కలు చెప్పకుండా. వేసవిలో అమ్మమ్మో నాయనమ్మో వస్తుంటే ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద అని టీవీ ముందు కూర్చోబెట్టి కలిపి తినిపించడం మాత్రం వద్దని ముందే చెప్పి ఉంచండి. 13 ఏళ్ళ పిల్ల తన ఆకలి ఎక్కడ తీరిందో తనే తెలుసుకోవాలి.

ఆటలు ఎలాగంటారా, రోజుకి గంటసేపు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. టెక్సస్ జూలైలో మధ్యాహ్నం బయటికి పంపితే వడదెబ్బ. మీ కమ్యూనిటీలో పూల్ ఉంటే సాయంత్రం ఎండ తగ్గాక మీరూ దిగండి. మీరు కూడా స్విమ్‌సూట్ వేసుకోవాలి, ఒడ్డున కూర్చుని దిగమంటే ఆ పిల్ల దిగదు. శనివారాలు డాలస్ చుట్టుపక్కల మన మగవాళ్ళంతా బ్యాడ్మింటన్ కోర్టుల్లోనే ఉంటారు, మీ వారూ వెళ్తుంటే పాపను కూడా తీసుకెళ్ళి డబుల్స్ ఆడమనండి. బరువు కోసం అని అనొద్దు. తోడు లేరు, రా అంటే చాలు. నిద్ర కూడా చూడండి, ఈ వయసుకి 8 నుంచి 10 గంటలు కావాలి, రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ ఉంటే ఆకలి అదుపు తప్పుతుంది.

పెళ్ళి విషయంలో మీ వారితో మీరు గట్టిగానే మాట్లాడాలి. పిల్ల లావుగా కనిపిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని ఆయన భయం, అది నాకర్థమైంది, మనవాళ్ళు అనకుండా ఉండరు కూడా. మండపంలో అడుగుపెట్టీ పెట్టగానే ఏంటే ఇంత లావైపోయావ్, అమెరికాలో చీజ్ తెగ తింటున్నావా అని ఓ పిన్నిగారు బుగ్గ గిల్లుతుంది. అప్పుడు మీరు పక్కనే ఉండి, పిన్నీ, దాని ఒంటి మీద మాట వద్దు, అది స్కూల్ బ్యాండ్‌లో ఏం వాయిస్తోందో అడుగు అనాలి. ఒకసారి అంటే చాలు, ఆ మాట బంధువులందరికీ పాకుతుంది, మనవాళ్ళలో వార్త పాకడానికి ఎంతసేపు. లంగా ఓణీకి జాకెట్టు కొలతలు నవంబర్ చివర్లో ఇవ్వండి, అప్పుడు పాప ఎంత ఉంటే అంతకి. ఇప్పుడే చిన్నది కుట్టించి ఇందులో పట్టాలి అని బీరువాలో పెట్టే పనులు వద్దు.

పాపతో ఎలా మొదలుపెట్టాలో తెలియక మీరు నాన్చుతున్నట్టున్నారు. కారులో వెళ్ళేటప్పుడు చెప్పండి, ఎదురుబొదురు కూర్చోబెట్టి కాదు. నాన్న ఆ క్యాంపు చూశారు, నీకు చెప్పకుండా చూడటం మా తప్పు, అది రద్దు చేసేశాం. నీ మెడ నేను రుద్దకూడదు, అది చర్మం మురికి కాదట, డాక్టరుకి చూపిద్దాం. ఇంట్లో తిండి మనందరికీ కాస్త మార్చుకుందాం, నీకొక్కదానికే కాదు. అంతే, అక్కడితో ఆపండి. ఏడిస్తే ఏడవనివ్వండి. కోప్పడితే వినండి. ఆ సంభాషణలో పౌండ్లు, కిలోలు రాకూడదు. ఇందులో క్యాంపు సంగతి మీరు చెప్పడం కంటే మీ వారు చెబితే ఇంకా మంచిది, వెబ్‌సైట్ తెరిచింది ఆయనే కదా.

పార్టీల్లో ఎవరో ఇంజెక్షన్ల గురించి కూడా మీ చెవిన వేసే ఉంటారు. వెగోవీ అనే మందుకి 12 ఏళ్ళు దాటినవాళ్ళకి అమెరికాలో 2022 డిసెంబర్‌లో అనుమతి వచ్చిన మాట నిజమే. కొందరు పిల్లలకి అది అవసరమవుతుంది కూడా, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కానీ అది పరీక్షలయ్యాక డాక్టరు తేల్చాల్సిన సంగతి. స్నేహితురాలి ఫ్రిజ్‌లోంచి తెచ్చుకునేది అసలే కాదు.

మీ తమ్ముడికి 23 ఏళ్ళు, వద్దనడానికి మనమెవరం. కానీ నెలలో 15 కిలోలు అనే మాట దగ్గరే నాకు టెన్షన్ వచ్చింది. చైనాలో ఇలాంటి క్యాంపులు విపరీతంగా పెరిగాయి, అక్కడ 2023లో 21 ఏళ్ళ అమ్మాయి బరువు తగ్గించే క్యాంపులోనే కుప్పకూలి చనిపోయింది. ఏడాదంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి ఒక్కసారిగా రోజుకి ఐదారు గంటలు కసరత్తు చేస్తే కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద పడే ప్రమాదం ఉంది. ఒళ్ళు విపరీతంగా నొప్పులు, మూత్రం కోలా రంగులో రావడం, ఈ రెండింట్లో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలని అతనికి చెప్పండి. అంతకంటే ముందు స్టూడెంట్ హెల్త్ సెంటర్‌లో షుగర్ టెస్ట్ చేయించుకోమనండి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలున్న పెద్దవాళ్ళకి బీఎంఐ 23 నుంచే ఆ పరీక్ష చేయమంటుంది, మిగతావాళ్ళకి 25. తర్వాత ఏ జిమ్‌లో చేరినా అతనిష్టం, వారానికి అర కిలో చొప్పున తగ్గినా ఏడాదికి చాలా అవుతుంది.

పిల్లల డాక్టరు అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. వేసవిలో స్కూల్ స్పోర్ట్స్ ఫారాల కోసం అందరూ ఎగబడతారు, జూలైలో దొరకదు. చాటుగా తినడం గురించి పాప ఎదురుగా చెప్పకండి, క్లినిక్ పోర్టల్‌లో ముందే మెసేజ్ పెట్టేయండి, మెడ సంగతి, గురక, నెలసరి, అన్నీ అందులోనే రాయండి. పాపతో విడిగా కాసేపు మాట్లాడమని డాక్టర్ని అడగండి, ఈ వయసు పిల్లలతో వాళ్ళు మామూలుగానే అలా మాట్లాడతారు, మీరు బయట కూర్చోవాలి. రక్తపరీక్షలు పరగడుపున చేయాలంటే పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకుని, రక్తం ఇచ్చాక తినడానికి ఏదైనా వెంట పట్టుకెళ్ళండి.